సకురా పాట గిటారు మీదికి వచ్చిన కథ

ఊరు మారిన పాటలో ఏది నిలుస్తుంది, ఏది పోతుంది అన్నది మనలాంటి వాళ్ళకి ఎప్పుడూ ఉండే ప్రశ్నే. ఈసారి జపాను వాళ్ళ అనుభవం చూద్దాం.

'సకురా సకురా' ఎడో కాలం నాటి బాణీ. కోటో అనే పదమూడు తీగల వాద్యం కొత్తగా నేర్చుకునేవాళ్ళకి చెప్పే పాఠం. 1888లో టోక్యో సంగీత పాఠశాల అచ్చు వేయించిన కోటో పాటల సంపుటిలో చేరింది. 1904లో పుచ్చీని తన 'మదామా బటర్‌ఫ్లై' ఆపెరాలో కూడా వాడుకున్నాడు.

స్పెయిన్ విద్వాంసుడు ఆంద్రెస్ సెగోవియా 1929లో జపాను వెళ్ళి గిటారు కచేరీలు చేశారు. ఆ తర్వాతి తరం వాడైన యుకిజిరో యోకో (1925–2009) సకురా బాణీని తీసుకుని, ఒక్కో విడతలో ఒక్కో తీరున మార్చి వాయించేలా గిటారుకి రాశారు. జాన్ విలియమ్స్ వంటి పేరున్న వాద్యకారులు దాన్ని రికార్డు చేశారు.

ఇందులో చిక్కెక్కడో చూడండి. గిటారులో 'ఇ' స్వరాన్ని షడ్జమం అనుకుంటే సకురాలో వచ్చేవి స, రి, మ, ప, ద మాత్రమే. రి, ద రెండూ శుద్ధమే. స్వరాల వరకూ మన కర్ణాటక శుద్ధ సావేరి లెక్కే. నడక మాత్రం వేరు. గాంధారం, నిషాదం లేవు. గిటారు ఆరు తీగల్లో నాలుగు స, మ, ప, స పలుకుతాయి. మిగిలిన రెండూ సరిగ్గా ఆ లేని ని, గ! వాటిని నొక్కకుండా వదిలేసి మీటితే పాటకి చెందని స్వరం దూరుతుంది.

పాశ్చాత్య పద్ధతిలో కార్డు కట్టినా ఇదే ఇబ్బంది. షడ్జమం మీద మామూలు కార్డు వేయాలంటే గాంధారం కావాలి. అది వేస్తే చెవికి నిండుగానే ఉంటుంది కానీ, కోటోలో ఉన్న ఆ ఖాళీ పోతుంది. స, ప రెండే కలిపి తంబురాలా మోగనిస్తే ఖాళీ నిలుస్తుంది.

'ఇత్సుకి' జోలపాట విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కుమామోతో ప్రాంతంలో పేదింటి ఆడపిల్లలు పరుల ఇళ్ళలో పిల్లల్ని ఆడించే పనికి కుదిరి, తమ కష్టం చెప్పుకుంటూ పాడినది అది. పేరుకి జోలపాట. తియ్యటి కార్డులు పేరిస్తే ఆ పిల్లల మొర వినపడదు.

మన ఇళ్ళలో జోలపాటలు, దంపుళ్ళ పాటలు పెద్దవాళ్ళ గొంతుల్లో ఇంకా ఉన్నాయి. పిల్లలు వాటిని కీబోర్డు మీద, గిటారు మీద వాయిస్తామంటే సంతోషమే. ముందు అమ్మమ్మ చేత ఏ వాద్యమూ లేకుండా ఒకసారి పాడించి ఫోనులో దాచుకోండి. అందులో లేని స్వరాలేవో గుర్తుపట్టాక కార్డుల సంగతి చూడొచ్చు.