డ్రాగ్ హ్యాండిల్ (బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్)

గాయపడి లేవలేని సైనికుణ్ణి కాల్పుల మధ్య నుంచి చాటుకు ఈడ్చుకెళ్లడానికి బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వీపున, మెడకు కాస్త దిగువన ఉండే దళసరి నైలాన్ పట్టీ. అమెరికా సైన్యం 2007లో వాడుకలోకి తెచ్చిన ఐఓటీవీ జాకెట్‌కు ఇది ఉంది. అగ్నిమాపక సిబ్బంది కోటులోనూ ఇలాంటి ఏర్పాటు ఉండి తీరాలని అమెరికాలోని ఎన్‌ఎఫ్‌పీఏ సంస్థ 1971వ నంబరు ప్రమాణం 2007 కూర్పులో నిర్దేశించింది. అయితే పట్టీ ఎంత గట్టిదన్న దానికన్నా, దాన్ని దేనికి కుట్టారన్నదే అసలు విషయం. జాకెట్, ఆయుధం, తూటాలతో కలిపి మనిషి బరువు వంద కిలోలు దాటడం మామూలే. రాళ్లలో చిక్కుకున్న ఒంటిని ఒక్క గుంజు గుంజితే, పైగుడ్డకు మాత్రమే వేసిన కుట్టు గుడ్డతో సహా ఊడొస్తుంది. కాబట్టి పట్టీ కొసలు భుజాల మీదుగా సాగే పట్టీలతో కలవాలి. కుట్టు చతురస్రంగా, మధ్యలో ఇంటూ గుర్తులా ఉండాలి. అయితే తూటాను ఆపే పొరల గుండా సూది దిగకూడదు; దిగితే వాటిని కప్పిన తొడుగుకు చిల్లులుపడి తడి చేరుతుంది.

చేతులు పట్టుకుని లాగితే చాలదా అంటారు. చెయ్యే విరిగి ఉంటే? పైగా పిడి ఉంటే లాగేవాడికి రెండో చెయ్యి తుపాకీకి మిగులుతుంది. పిడి వాహనం తలుపుకు తగులుకుంటుందన్న అభ్యంతరం నిజమే. వెల్క్రోతో అణిచిపెడితే అది చాలావరకు తీరుతుంది. నడుము పట్టీ వదులైతే జాకెట్ పైకి జారి గొంతు నొక్కుతుందన్నది అంతకన్నా గట్టి అభ్యంతరం. దానికి పిడి మార్చడం విరుగుడు కాదు, జాకెట్ ఒంటికి సరిగ్గా బిగించుకోవడమే. నిండు బరువుతో ఈడ్చి చూడని పిడిని నమ్మకూడదు.