రంగం నుంచి తిరుగుదారి: బర్మా తెలుగువారి స్వస్థల భావన – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

19వ శతాబ్ది ద్వితీయార్ధం నుంచి 20వ శతాబ్ది ఏడవ దశకం వరకు ఉత్తర కోస్తా, గోదావరి ప్రాంతాల తెలుగువారు బర్మాకు వలస వెళ్ళారు, తిరిగివచ్చారు, మళ్ళీ వెళ్ళారు. ఈ రాకపోకల్లో 'ఇల్లు', 'ఊరు', 'తిరిగిరావడం' అన్న భావనల అర్థం కాలానుగుణంగా ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్వస్థలంపై బెంగ మనోభావం మాత్రమే కాదనీ, అప్పు, భూమి, కులం, ఓడ ప్రయాణం, పౌరసత్వం దానికి రూపమిచ్చాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బర్మా వలస, రంగం, కోరంగీలు, మేస్త్రీ వ్యవస్థ, కాందిశీకులు, స్వస్థల భావన.

1. ఉపోద్ఘాతం

ఉత్తరాంధ్ర, గోదావరి తీర గ్రామాల పాత తరం వాడుకలో 'రంగం' అంటే రంగూను. రంగం వెళ్ళడమంటే డబ్బుకోసం సముద్రం దాటడం. ఒక్కొక్కప్పుడు అప్పులవాళ్ళకూ ఇంటి గొడవలకూ అందకుండా పోవడం కూడా. బర్మాలో ఈ వలస కూలీలను 'కోరంగీలు' అనేవారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరుమీదుగా ఈ మాట ఏర్పడింది. 1839 తుపానులో తీవ్రంగా దెబ్బతిని ఆ రేవు ప్రాభవం కోల్పోయింది. తరవాతి కాలంలో కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి ఓడ ఎక్కినవారికి కూడా ఆ పేరే కొనసాగింది.

తెలుగు డయాస్పోరా సాహిత్య విమర్శలో స్వస్థలంపై బెంగ ప్రధానంగా అమెరికా తెలుగు కథల ఆధారంగా చర్చకు వస్తున్నది. అక్కడి పాత్రలు చదువుకున్నవి. తమ బెంగను తామే రాసుకోగల స్థితిలో ఉన్నవి. రంగం వెళ్ళిన కూలీలలో అత్యధికులు అలా రాసుకోలేదు. వారి గురించిన ప్రధానాధారాలు ప్రభుత్వ పత్రాలే. ఇ. జె. ఎల్. ఆండ్రూ 1933లో రంగూనులోని భారతీయ శ్రామికులపై ప్రచురించిన గ్రంథం గానీ, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జేమ్స్ బాక్‌స్టర్ సమర్పించిన వలస నివేదిక గానీ వచ్చినవారినీ పోయినవారినీ లెక్కించాయి. వారి మనసులో ఏముందో అడగలేదు. కనుక ఈ శ్రామికుల స్వస్థల భావనను వారు ఎప్పుడు తిరిగివచ్చారు, ఏమి పంపారు, వారిని ఎవరు ఏ పేరుతో పిలిచారు అన్న అంశాల నుంచి గ్రహించవలసి ఉంటుంది.

2. వలస స్వరూపం: అప్పు, ఓడ, రుతువు

1852 యుద్ధంతో దిగువ బర్మా బ్రిటిష్ పాలనలోకి వచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో బర్మా బియ్యానికి ఐరోపా విపణి దగ్గరైంది. 19వ శతాబ్ది మధ్యలో ఎనిమిది లక్షల ఎకరాలకు మించని దిగువ బర్మా వరిసాగు 1930ల నాటికి ఎనభై లక్షల ఎకరాలు దాటింది. కోతకు, ధాన్యం మిల్లులకు, ఓడల్లో బస్తాలు ఎక్కించడానికి మనుషులు కావలసివచ్చారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగు శ్రామికులు ఆ అవసరాన్ని తీర్చారు. రంగూను రేవులో మూటలు మోశారు, వీధుల్లో రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పదిలక్షలకు పైగా భారతీయులుండగా, వారిలో తెలుగువారు సుమారు లక్షన్నర. రంగూను జనాభాలో సగానికి పైగా భారతీయులే.

మారిషస్ వంటి చోట్లకు తెలుగువారు వెళ్ళింది ఒప్పంద కూలీ పద్ధతిలో. ఏళ్ళతరబడి ఒకే యజమాని దగ్గర పనిచేయాలని అక్కడ రాతపూర్వకమైన కట్టుబాటు ఉండేది. బర్మా వలసను నడిపించినది మేస్త్రీ వ్యవస్థ. మేస్త్రీ ఊరికి వచ్చి బయానా ఇచ్చేవాడు, ఓడ ఖర్చు పెట్టుకునేవాడు, అవతల పని చూపేవాడు, కూలిలోంచి అప్పు మినహాయించుకునేవాడు. చాలా సందర్భాలలో అతడు ఆ ప్రాంతంవాడే. అందువల్ల అప్పు ఎగవేస్తే దాని పర్యవసానం ఊళ్ళో ఉన్న కుటుంబంపై పడేది. శ్రామికుణ్ణి స్వగ్రామంతో కట్టిపడేసిన తొలి బంధం ఈ అప్పే.

రెండవ బంధం రుతువు. శ్రామికులలో పెద్దభాగం అక్టోబరు–డిసెంబరు నెలల్లో బర్మా చేరేది. కోతలు, మిల్లుల పని ముగిశాక మార్చి–మే నెలల్లో చాలామంది తిరుగు ఓడ ఎక్కేవారు. తెలుగునేలపై అవి పెళ్ళిళ్ళ కాలం, గ్రామదేవతల పండుగల కాలం, ఏరువాకకు ముందటి విరామకాలం. బర్మా వరిచేల పంచాంగమూ, స్వగ్రామ పంచాంగమూ ఈ విధంగా ఒకదానికొకటి అమరాయి. బంగాళాఖాతం వలసలను అధ్యయనం చేసిన సునీల్ అమృత్, బర్మా వెళ్ళినవారిలో అధికసంఖ్యాకులు తిరిగివచ్చినవారేనని చూపారు. అంటే తిరిగిరావడం ఈ వలసకు ముగింపు కాదు. వలస నిర్మాణంలోనే అది ఒక భాగం.

3. బెంగకు భౌతిక రూపాలు

ఈ నేపథ్యంలో స్వస్థలంపై బెంగకు కొన్ని నిర్దిష్టమైన కారణాలు కనిపిస్తాయి. మొదటిది కుటుంబం. బర్మా వెళ్ళిన తెలుగు శ్రామికులలో స్త్రీల సంఖ్య చాలా తక్కువ. రంగూను కూలీల బసలు ఇరుకైనవి. గదికి పరిమితికి మించి మనుషులు పడుకునేవారన్నది అధికారులే పదేపదే ప్రస్తావించిన విషయం. అటువంటి బసలో ఏళ్ళతరబడి ఉన్నవాడికి ఇల్లంటే భార్యాబిడ్డలు, తన ఇంటి వంట, చాపవేసుకునేంత సొంత జాగా. మరోవైపు ఎదురుచూపు ఊళ్ళోనూ ఉంది. సేద్యం, పెద్దల పోషణ, అప్పులవాళ్ళతో వ్యవహారం ఇంటివద్ద ఉన్న స్త్రీలపై పడ్డాయి. వలస చరిత్ర వెళ్ళినవారి చరిత్రగానే మిగిలితే ఈ సగభాగం కనిపించకుండా పోతుంది.

రెండవది భూమి. రంగం సంపాదన మనియార్డరుగానో, తిరిగివచ్చేవారి మూటలోనో ఊరు చేరింది. అందులో మొదటి భాగం అప్పుకు పోయేది. మిగిలితే ఎకరమో అరెకరమో కొనడం, పెంకుటిల్లు వేయడం లక్ష్యాలు. తీరాంధ్ర పాత ఇళ్ళ దూలాలలో, ద్వారబంధాలలో బర్మా టేకు నేటికీ కనిపిస్తుంది. దూరాన ఉన్నవాడి మనసులో మెదిలినది వదిలివచ్చిన ఊరు ఒక్కటే కాదు, తాను తిరిగివెళ్ళి కట్టుకోబోయే ఇల్లు కూడా. కనుక ఈ బెంగలో గతం ఎంత ఉందో భవిష్యత్తు అంత ఉంది.

4. ఎవరి ఊరు?

అయితే ఊరు అందరికీ ఒకటి కాదు. ఆచార్య అడపా సత్యనారాయణ దక్షిణ భారత శ్రామికుల ఆగ్నేయాసియా వలసలపై చేసిన పరిశోధన ఈ విషయంలో కీలకమైనది. వలస వెళ్ళినవారిలో అణగారిన కులాలవారు గణనీయంగా ఉన్నారనీ, వలస వారి సామాజిక స్థితిలో కదలిక తెచ్చిందనీ ఆయన పరిశీలనలు తెలుపుతాయి. స్వగ్రామంలో పాలేరుగా, వెట్టివాడిగా ఉన్న వ్యక్తికి రంగూను రేవులో నగదు కూలి దొరికింది. అక్కడా దోపిడీ ఉంది, మేస్త్రీ పెత్తనం ఉంది, జాతివివక్ష ఉంది. కానీ పుట్టుకతో నిర్ణయమైన పని ఒక్కటే గతి కాదు.

ఈ శ్రామికుడు తిరిగి రావాలనుకున్నప్పుడు కోరుకున్నది పాత ఊరినే అనడం కష్టం. తిరిగివచ్చి సొంత భూమి కొనుక్కోవడమంటే ఊరిలో తన స్థానాన్ని మార్చుకోవడం. అగ్రవర్ణ రైతుకు కూలి దొరకడం కష్టమైనచోట అది గ్రామసంబంధాలను కూడా కదిలించింది. స్వస్థలంపై మమకారాన్ని ఊరందరి ఉమ్మడి అనుభూతిగా వర్ణించే రచనలు ఈ భేదాన్ని విస్మరిస్తాయి. కొందరికి బెంగ పోగొట్టుకున్న గౌరవం గురించి. మరికొందరికి అది ఎన్నడూ లేని గౌరవంతో తిరిగి అడుగుపెట్టాలన్న పట్టుదల.

5. తిరుగుదారి తలకిందులైన కాలం: 1930–1942

1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు వేతనం పెంచాలని సమ్మె చేశారు. ఓడల కంపెనీల తరఫున బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి పనిలోకి రాగానే బర్మీయులు ఉపాధి కోల్పోయారు. మే 26న మొదలైన అల్లర్లలో వందమందికి పైగా మరణించారు. మృతులలో ఎక్కువమంది తెలుగువారు. ఆర్థికమాంద్యం, 1937లో బర్మాను భారతదేశం నుంచి విడదీయడం, 1938 అల్లర్లు ఆ తరవాతి ఘట్టాలు. భారతీయ కూలీలు బర్మీయుల ఉపాధిని సాధారణంగా కొల్లగొట్టలేదని బాక్‌స్టర్ నివేదిక అభిప్రాయపడింది. ఆ మాట అప్పటికే చెలరేగిన ద్వేషాన్ని తగ్గించలేకపోయింది.

1930 అల్లర్ల తరవాత వేలమంది ఓడలెక్కి ఇంటిముఖం పట్టారు. వారిలో కొందరు మళ్ళీ రంగం వెళ్ళారు. ప్రాణభయం కలిగించిన చోటికి తిరిగి వెళ్ళవలసి రావడాన్ని స్వగ్రామంలోని జీవనాధారం ఎంత పలుచనిదో చెప్పే సాక్ష్యంగా గ్రహించాలి. ఊరు పిలుస్తుంది గానీ పోషించలేదు. ఈ వైరుధ్యమే బర్మా తెలుగువారి జీవితానికి కేంద్రం.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం జపాను వశమైంది. ఓడ దొరికినవారు సముద్రంపై వెళ్ళారు. దొరకని లక్షలాదిమంది భారతీయులు అరకాను మీదుగా చిట్టగాంగుకో, తము మీదుగా ఇంఫాలుకో, ఉత్తరాన హుకాంగు లోయ గుండా అస్సాముకో కాలినడకన బయలుదేరారు. ఆకలి, కలరా, మలేరియాలతో వేలమంది దారిలోనే మరణించారు. ఈ యాత్రను అధ్యయనం చేసిన హ్యూ టింకర్ దీనిని విస్మృతమైన సుదీర్ఘ యాత్రగా పేర్కొన్నారు. తరలింపులో తెల్లవారికీ నల్లవారికీ వేరువేరు దారులు, వేరువేరు వసతులు అమలయ్యాయి. అంతవరకు రుతువు నిర్ణయించిన తిరుగుప్రయాణాన్ని ఇప్పుడు యుద్ధం నిర్ణయించింది. చేతిలో డబ్బు లేకుండా, మేస్త్రీ లెక్క తేలకుండా జరిగిన తొలి సామూహిక పునరాగమనం ఇది.

6. కాందిశీకులు: 1962 తరవాత

యుద్ధానంతరం కొందరు మళ్ళీ బర్మా చేరుకున్నారు. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. పౌరసత్వ చట్టం, భూముల జాతీయీకరణ చట్టం అదే సంవత్సరం వచ్చాయి. తరాలుగా ఉన్నవారు సైతం తాము ఏ దేశస్థులమో పత్రాలతో రుజువు చేసుకోవలసి వచ్చింది. 1962 మార్చి 2న జనరల్ నెవిన్ సైనిక ప్రభుత్వం ఏర్పడింది. వ్యాపారాలు జాతీయమయ్యాయి. 1964 మేలో యాభై, నూరు చాట్ల నోట్లు రద్దయ్యాయి. కష్టార్జితం కాగితమైపోయింది. లక్షకు పైగా భారతీయులు ఓడలలో మద్రాసు, విశాఖపట్నం, కలకత్తా రేవులకు చేరారు. వెంట తెచ్చుకోనిచ్చిన నగదు, నగలు పరిమితమైనవే.

ఇలా వచ్చినవారిని ఆంగ్ల పత్రాలు 'రిపాట్రియేట్లు' అన్నాయి. స్వదేశం చేరినవారన్నది ఆ మాటకు అర్థం. తెలుగులో స్థిరపడిన మాట 'కాందిశీకులు'. 'కాం దిశం', అంటే 'ఏ దిక్కుకు', అన్న సంస్కృత ప్రశ్న నుంచి పుట్టిన పదమిది. ఏ దిక్కుకు పోవాలో తోచక పరుగెత్తేవాడు కాందిశీకుడు. ఆంగ్లపదం ప్రయాణం ముగిసిందంటున్నది, తెలుగుపదం ముగియలేదంటున్నది. చారిత్రక వాస్తవానికి తెలుగుపదమే దగ్గర. వచ్చినవారిలో చాలామంది బర్మాలోనే పుట్టినవారు. వారికి ఇది తాతతండ్రుల ఊరే గాని తామెరిగిన ఊరు కాదు. బర్మీయ స్త్రీలను వివాహమాడినవారి కుటుంబాలలో ఒకరు స్వదేశం చేరడమంటే మరొకరు స్వదేశం విడవడం.

విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఈ ఘట్టానికి నిలిచిన గుర్తు. మద్రాసులో రేవుకు ఎదురుగా వెలసిన బర్మా బజారు, అక్కడి బర్మా నూడుల్స్ అంగళ్ళు ప్రధానంగా తమిళ కాందిశీకుల చరిత్రకు చెందినవైనా, ఇదే అనుభవానికి మరో రూపం. కాందిశీకుల పునరావాసానికి ఋణసహాయంకోసం 1969లో రెప్కో బ్యాంకు మద్రాసు కేంద్రంగా ఏర్పడింది. బర్మాలో వారిని బయలుదేరిన రేవు పేరుతో 'కోరంగీలు' అన్నారు. ఇక్కడ వచ్చిన దేశం పేరుతో 'బర్మావాళ్ళు' అన్నారు. రెండుచోట్లా వారి పేరు రెండవ చోటినే సూచించింది. ఇంటిపై బెంగతో బర్మాలో బతికిన తరం, ఇల్లు చేరాక బర్మా తిండిపై, బర్మా మాటపై, అక్కడే ఉండిపోయిన బంధువులపై బెంగపడింది. మయన్మారులో నేటికీ తెలుగు కుటుంబాలు ఉన్నాయి కనుక ఆ బంధం ఇంకా తెగలేదు.

7. ముగింపు

బర్మా తెలుగువారి చరిత్ర నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, వలస శ్రామికుడి స్వస్థల భావనను అప్పు, భూమి, కుటుంబం, రుతువు వంటి భౌతికాంశాల నుంచి విడదీసి చూడలేము. రెండు, పునరాగమనం విలువ అది ఐచ్ఛికమా, నిర్బంధమా అన్నదానిపై ఆధారపడి ఉంది. వేసవిలో డబ్బుమూటతో ఓడ దిగిన కూలీ, 1942లో అడవిదారిన నడిచినవాడు, 1964లో చెల్లని నోట్లతో రేవు చేరినవాడు ముగ్గురూ తిరిగివచ్చినవారే. కానీ మొదటివాడికి మాత్రమే మళ్ళీ వెళ్ళాలా, ఉండిపోవాలా అని తేల్చుకునే వీలుంది. మూడు, తిరిగివచ్చినవారికి ఊరు చోటివ్వడమనేది రక్తసంబంధం వల్లనే జరగదు. భూమి, ఉపాధి, సామాజిక గౌరవం అందులో నిర్ణాయకాలు.

వర్తమాన వలసలపై జరుగుతున్న తెలుగు పరిశోధనకు ఇది ఉపకరిస్తుంది. గల్ఫు కార్మికుడి బెంగనూ, అమెరికా ఉద్యోగి బెంగనూ ఒకే తూకంలో తూచే ముందు ఎవరి చేతిలో ఏ పత్రాలున్నాయో, ఎవరి పేర ఎంత భూమి ఉందో, ఎవరి నెత్తిన ఎంత అప్పుందో అడగాలి. బర్మా క్యాంపు వంటి చోట్ల ఆనాటి ప్రయాణాన్ని పిల్లలుగా చూసినవారు ఇప్పుడు వార్ధక్యంలో ఉన్నారు. వారి జ్ఞాపకాలను మౌఖిక చరిత్రగా నమోదు చేయడం తెలుగు, చరిత్ర శాఖలు ఉమ్మడిగా తక్షణం చేపట్టవలసిన పని. ప్రభుత్వ పత్రాలు అడగని ప్రశ్నకు సమాధానం చెప్పగలవారు ఇక వారే.