వీడ్కోలు వేళ ఇవ్వకూడని కానుక



కొద్ది రోజుల క్రితం నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోను చేశాడు. అతడు తిరుపతి జిల్లా శ్రీసిటీలో, సెల్‌ఫోన్ల విడిభాగాలు చేసే ఒక కర్మాగారంలో పనిచేస్తున్నాడు. వారి విభాగానికి పై అధికారిగా ఉన్న తైవాన్ దేశస్థుడు మూడేళ్ళు ఇక్కడ గడిపి స్వదేశానికి మరలిపోతున్నాడట. "తలా కొంత వేసుకొని మంచి గోడ గడియారం కొన్నాం సార్. దాని మీద రాయించడానికి రెండు మంచి మాటలు మీరు చెప్పాలి" అన్నాడు. "మాటలు తరువాత చెబుతాను నాయనా, ముందు ఆ గడియారాన్ని దుకాణంలో తిరిగి ఇచ్చి రా" అన్నాను. వాడు నివ్వెరపోయాడు. ఆ రోజు వానికి చెప్పిన సంగతులనే కొంత విస్తరించి ఈ టపాగా రాస్తున్నాను. రాయడానికి నా సొంత కారణం ఒకటి ఉన్నది. అది చివర మనవి చేసుకుంటాను.

చైనా భాషలో ఒక్కొక్క లిపిచిహ్నం ఇంచుమించుగా ఒక్కొక్క పదం. పలికే ధ్వనులు తక్కువ, చెప్పవలసిన అర్థాలు ఎక్కువ. అందుచేత ఒకే ధ్వనికి అనేకార్థాలు. స్వరం కొంచెం హెచ్చినా తగ్గినా మరికొన్ని అర్థాలు. మనకు శ్లేష కవుల సొత్తు. పింగళి సూరన పదహారవ శతాబ్దిలో రాఘవపాండవీయం రచించి, ఒకే పద్యంలో రామకథనూ భారతకథనూ నడిపించాడని తరగతి గదిలో నేటికీ అబ్బురంగా చెప్పుకొంటాం. చైనీయులకు శ్లేష సంతలో కూడా ఎదురవుతుంది. కానుక కొనేవాడు వస్తువు అందచందాలు చూసుకుంటే చాలదు, దాని పేరు పుచ్చుకొనేవాని చెవికి ఎలా వినబడుతుందో కూడా ఆలోచించుకోవాలి.

గోడ గడియారాన్ని వారు 'చుంగ్' అంటారు. అంతము, ముగింపు అనే అర్థం గల మరొక మాట కూడా 'చుంగ్'. రాత వేరు, పలుకు ఒక్కటే. 'సుంగ్' అంటే కానుకగా ఇవ్వడం, సాగనంపడం అని రెండర్థాలు. కాబట్టి 'గడియారం బహూకరించారు' అనే మాట చెవికి 'సుంగ్ చుంగ్' అని సోకుతుంది. తల్లిదండ్రుల కడపటి ఘడియలో దగ్గర ఉండి, అంత్యక్రియలు జరిపి సాగనంపడాన్ని కూడా వారు సరిగ్గా ఈ మాటతోనే చెబుతారు. పదిమంది సహోద్యోగులు చప్పట్లు కొడుతూ ఆ పెట్టెను చేతిలో పెడితే పుచ్చుకొనేవానికి ఎలా ఉంటుందో ఊహించండి.

గొడుగూ పనికిరాదు. గొడుగు పేరు 'సాన్'. చెదరిపోవడం అనే మాట కూడా, స్వరభేదం తప్ప, అదే. విసనకర్రది 'షాన్' కనుక దానికీ ఇంచుమించు ఇదే దోషం. బేరిపండు 'లీ', ఎడబాటు కూడా 'లీ'. అందుకే ఆలుమగలు, ఆప్తమిత్రులు ఒకే బేరిపండును కోసి పంచుకోవడానికి కూడా సంకోచిస్తారు. చెప్పులు, బూట్లు ఇస్తే కీడు అనే పదం స్ఫురిస్తుంది. నాలుగు అనే అంకె చావు అనే పదానికి దగ్గరి ధ్వని కనుక ఏదీ నాలుగేసి ఇవ్వరు. మరికొన్నింటికి శ్లేషతో పని లేదు. కత్తి, కత్తెర స్నేహాన్ని తెగగోస్తాయి. తెలుపు, పసుపు చామంతులు చనిపోయినవారికి అర్పించేవి. తెల్ల కవరులో డబ్బు పెడితే చావుకు ఇచ్చినట్టు. శుభానికి ఎర్ర కవరు కావాలి. ఇక మన వీడ్కోలు సభను తలచుకోండి. మెడలో చామంతి దండ, చేతిలో గోడ గడియారం, తెల్ల కవరులో కొంత రొక్కం!

ఈ పట్టింపు పాతకాలపు ముచ్చట అనుకోవడానికి వీలులేదు. 2015 జనవరిలో బ్రిటన్ రవాణా మంత్రి సుసాన్ క్రామర్ తైవాన్ రాజధాని తైపేకి వెళ్ళి, నగర మేయరు కో వెన్‌జేకు ఒక జేబు గడియారం బహూకరించారు. జేబు గడియారానికీ చేతి గడియారానికీ చైనా భాషలో వేరే పేరు ఉన్నది. శ్లేష వాటిని అంటకూడదు. అయినా అపశకునపు మాట రానే వచ్చింది. దానిని పాత సామాన్ల వానికి అమ్ముకోవచ్చునని మేయరు విలేఖరుల ముందు పరిహాసమాడాడు. ఈ ఆచారం తనకు తెలియదని మంత్రి క్షమాపణ చెప్పుకొన్నారు. మేయరు మాటలోని మోటుదనానికీ విమర్శలు వచ్చాయి. ఇచ్చినవారూ, పుచ్చుకొన్నవారూ ఇద్దరూ చిన్నబోయిన కానుక అది.

అయితే చరిత్ర ఇంకొక సంగతి కూడా చెబుతుంది. 1601 జనవరిలో మత్తెయో రిచ్చీ అనే ఇటలీ దేశపు జెసూట్ మతగురువు పెకింగు నగరం చేరి, మింగ్ వంశపు వాన్లీ చక్రవర్తికి సమర్పించిన కానుకలలో ముఖ్యమైనవి రెండు గడియారాలు. తమంతట తాము మోగే గంటలని చైనీయులు వాటికి పేరు పెట్టారు. చక్రవర్తి ముచ్చటపడి చిన్నదానిని తన దగ్గర ఉంచుకొన్నాడు. వాటిని నడపడం, బాగుచేయడం అంతఃపుర సేవకులకు కొత్త. ఆ పనికి రిచ్చీ బృందం అవసరమైంది, వారు రాజధానిలో నిలిచిపోవడానికి అదొక ఆధారమైంది. 1610లో రిచ్చీ అక్కడే కన్నుమూశాడు. అతని సమాధికి చక్రవర్తి అనుమతితో స్థలం లభించింది. తరువాతి చింగ్ చక్రవర్తులు ఐరోపా గడియారాలను ఎంతగానో సేకరించారు. పెకింగు రాజప్రాసాదంలో నేడు వాటికి ప్రత్యేక ప్రదర్శనశాల ఉన్నది.

అదే వస్తువు, అదే భాష. మరి రిచ్చీ గడియారానికి అంటని కీడు గోడ గడియారానికి ఎలా అంటింది? నాకు తోచినది ఇది. రిచ్చీది రాకలో ఇచ్చిన కానుక. లోపలికి రానిమ్మని, ఉండనిమ్మని వేడుకొంటూ ఇచ్చినది. మనది పోకలో ఇచ్చే కానుక. వెళ్ళిపోయే మనిషి చెవి మామూలు చెవి కాదు. మామూలు రోజుల్లో వినబడని రెండవ అర్థం ఆనాడు ముందుగా వినబడుతుంది.

మన భాషనూ ఇదే వెలుగులో చూద్దాం. చైనీయుల 'చుంగ్' మొదట కంచుగంట, పిమ్మట గడియారం. మనకూ గంట అంటే మోగేదీ అవుతుంది, అరవై నిమిషాలూ అవుతుంది. గడియారంలోని గడియ సంస్కృతపు ఘటిక, అనగా చిన్న కుండ. అడుగున సన్నని చిల్లి ఉన్న రాగిగిన్నెను నీటిపై వదిలితే అది నిండి మునిగేంత కాలం ఒక గడియ, ఇరవై నాలుగు నిమిషాలు. అటువంటివి అరవై అయితే ఒక రోజు. శవయాత్రకు ముందు దాసరి శంఖం ఊది జేగంట వాయించడం మనకూ తెలుసు. కాని మన గోడ గడియారానికి ఆ మైల అంటలేదు.

మాటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనమూ చైనీయులకు తీసిపోము. ఇంట్లో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాం. దీపం ఆరితే 'కొండెక్కింది' అంటాం. గడప దాటేవాడు 'వెళతాను' అనకూడదు, 'వెళ్ళొస్తాను' అనాలి. ఉప్పు, నూనె, నువ్వులు, ఇనుము చేతికి చేయి అందించకుండా కింద పెడితే తీసుకొంటాం. పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపం. కట్నం వంద రూపాయలు చదివించం, నూటపదహార్లు చదివిస్తాం. నిజాం కాలంలో వంద బ్రిటిషు రూపాయలకు హాలీ సిక్కా నూట పదహారు పైచిలుకు పలికేది కనుక ఆ లెక్క వచ్చిందని మా వైపు పెద్దలు ఒక కారణం చెప్పేవారు. ఏ కారణం అయినా, సున్నాతో ముగించకూడదన్న మనసు మాత్రం దానిలో ఉన్నది.

ఇక మా ఊరి సంగతి. ఇల్లందును ఇక్కడివారు బొగ్గుట్ట అంటారు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు జాడ కనుగొన్నాడు. 1886లో లండనులో ఏర్పడిన హైదరాబాదు దక్కన్ కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. 1920 డిసెంబరు 23న అదే సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. అడవిలో పొద్దు చూసి, కోడికూత విని నడిచిన బతుకులకు గని కూత వచ్చింది, షిఫ్టు వచ్చింది, నిమిషం ఆలస్యమైతే మస్టరు దొరకని భయం వచ్చింది. ఈ ఊళ్ళో గడియారం గోడకు వేలాడే అలంకారం కాదు, యజమాని. బడిలో మాకూ అంతే. చెట్టుకొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క మోగితే లేవాలి, మోగితే కూర్చోవాలి.

ఇప్పుడు నా సొంత కారణం. చాలా ఏళ్ళ క్రితం, అడవి అంచున ఒక పాఠశాలలో పనిచేసినప్పుడు మా లెక్కల మాస్టారు పదవీ విరమణ చేశారు. నాకంటే పెద్దవారు, నన్ను తమ్ముడిలా చూసినవారు. చందాలు పోగుచేసి కానుక కొనే బాధ్యత నాదే. నేను ఏమీ ఆలోచించలేదు. అందరికీ కొన్నట్టే ఖమ్మం వెళ్ళి గోడ గడియారం కొన్నాను. సభలో నేనే చేతికి అందించాను. ఆయన పెట్టె పుచ్చుకొని, నవ్వుతూ, నాకు మాత్రమే వినబడేటట్టు, "ముప్ఫై మూడేళ్ళు గంటకు లొంగి బతికిన వాణ్ణి పంతులుగారూ. ఇంటికి పోయినా గంటేనా?" అన్నారు. చమత్కారం అనుకొని నేనూ నవ్వాను.

తరువాత రెండు మూడుసార్లు వారింటికి వెళ్ళాను. గోడ మీద గడియారం కనబడలేదు. అడగలేదు. ఆయన పోయినప్పుడు పదవనాడు వెళ్ళాను. బీరువా పైన ఆ పెట్టె ఉన్నది. నా చేతిరాతలో ఆయన పేరు, విరమణ తేదీ. కట్టిన దారం కూడా విప్పలేదు. ఆ అమ్మ నా చూపు గమనించి, "ఉంచుకొన్నారు కానీ తెరవనివ్వలేదు బాబూ" అన్నారు. నాకు నోట మాట రాలేదు. చైనా భాషలో ఒక్క ముక్క రాని మనిషి, ఆ గడియారం పలికిన 'సుంగ్ చుంగ్' విన్నాడు. నీ సమయం అయిపోయింది అని మేమందరం కలిసి, చందాలు వేసుకొని మరీ చెప్పాము. చైనీయుల పట్టింపు సంగతి చాలా కాలానికి ఒక పుస్తకంలో కంటబడినప్పుడు మూఢనమ్మకమని నవ్వలేకపోయాను. ఆయన ముఖం గుర్తు వచ్చింది.

అందుచేత ఈ నిషేధాలను భయంగా కాక మన్ననగా చూడాలని నా మనవి. 'నీతో పని తీరిపోయింది' అనే మాట, పొరపాటున కూడా, వెళ్ళేవాని చెవిన పడకుండా కాపాడే ఏర్పాటు అది. దీనికి సాక్ష్యం కూడా చైనీయుల దగ్గరే దొరికింది. తాంగ్ వంశపు కాలంలో, రాజధాని చాంగాన్ వెలుపల బా నది వంతెన వరకు వెళ్ళి మిత్రులను సాగనంపేవారు. అక్కడ విల్లో చెట్టు కొమ్మ ఒకటి తుంచి చేతికి ఇచ్చేవారు. ఆ చెట్టు పేరు 'లియు'. ఉండిపో అనే మాటకూ, స్వరభేదం తప్ప, అదే ధ్వని. పైసా ఖర్చు లేదు. గడియారాన్ని కాదన్న శ్లేషయే ఈ కొమ్మను కానుక చేసింది. మన 'వెళ్ళొస్తాను'లో దాగిన 'వస్తాను' చేసే పనీ ఇదే. వారి వీడ్కోలు మాటకు కూడా అక్షరార్థం 'మళ్ళీ చూద్దాం' అనే.

మా శిష్యుడు గడియారం మార్చుకోలేక దానిని తమ భోజనశాలలో పెట్టించాడట. శ్రీకాళహస్తి వెళ్ళి చేతితో వేసిన కలంకారీ వస్త్రం, చెట్టు మీద పక్షులున్నది, కొన్నారు. ఎర్ర కాగితంలో చుట్టి, రెండు చేతులతో ఇమ్మని చెప్పాను. మొదట వద్దంటాడు, అది వారి మర్యాద, నొచ్చుకోవద్దు, మళ్ళీ ఇమ్మని కూడా చెప్పాను. ఆయన రెండుసార్లు వద్దని, మూడవసారి రెండు చేతులా పుచ్చుకొన్నాడట. నేను రాసి పంపినవి రెండే మాటలు: 'వెళ్ళి రండి'.

నా లెక్కల మాస్టారికి ఆ మాట చెప్పలేదు. సభలో ఇరవై నిమిషాలు మాట్లాడాను, ఈ రెండు మాటలు తప్ప అన్నీ చెప్పాను.

మీ మీ ప్రాంతాలలో, సాగనంపేటప్పుడు ఇవ్వకూడదనే వస్తువులూ, అనకూడదనే మాటలూ ఏమున్నవో తెలిసినవారు రాస్తే సంతోషిస్తాను. ముఖ్యంగా రాయలసీమ, ఉత్తరాంధ్ర మిత్రులు. ఉంటాను మరి.