సెయిషున్ 18 కిప్పు: జపాన్ చౌక రైలు టికెట్టు చరిత్ర

సెయిషున్ 18 కిప్పు జపాన్ రైల్వే (జేఆర్) సంస్థలు ఏటా వసంత, వేసవి, శీతకాల సెలవుల్లో అమ్మే చౌక టికెట్టు. సెయిషున్ అంటే యవ్వనం, కిప్పు అంటే టికెట్టు. ఇది ఉంటే దేశంలోని జేఆర్ మార్గాలన్నిటిలో పాసింజరు బండ్లనూ, కొన్ని స్టేషన్లు వదిలేసి కాస్త త్వరగా వెళ్లే కైసొకు బండ్లనూ రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగవచ్చు. అతివేగపు షింకాన్‌సెన్ రైళ్లలోనూ, అదనపు ఛార్జీ ఉండే ఎక్స్‌ప్రెస్ బండ్లలోనూ చెల్లదు. 1982 మార్చి 1న మొదలైంది. పేరులో 18 అన్న అంకె ఉన్నా వయసు నిబంధన ఏనాడూ లేదు. కాలేజీ కుర్రవాడు ఎంత కడతాడో రిటైరైన ఉపాధ్యాయుడూ అంతే కడతాడు. చిన్నపిల్లలకు సగం టికెట్టు అనే మాట కూడా ఇందులో లేదు.

పుట్టుక

1980ల మొదట్లో జపాన్ జాతీయ రైల్వే అప్పుల ఊబిలో ఉంది. తొలి షింకాన్‌సెన్ పరుగెత్తిన 1964లోనే సంస్థ నష్టాల్లో పడింది, ఆ తర్వాత తేరుకోలేదు. 1976 నవంబరులో ఛార్జీలను ఒక్కసారిగా 50 శాతం దాకా పెంచారు. అప్పటి నుంచి పెంపు దాదాపు ఏటా ఉండే తంతు అయింది. జనం కార్లకూ విమానాలకూ మళ్లారు. ఛార్జీ పెంచిన కొద్దీ ప్రయాణికులు తగ్గడం, తగ్గిన కొద్దీ మళ్లీ పెంచడం. ఇలా సాగుతుండగా, అమ్ముడుపోని సీట్లను ఎలా అమ్మాలన్న ఆలోచన ప్రయాణికుల విభాగంలో మొదలైంది.

ఆ విభాగంలో ఇలాంటి పథకాలకు ముఖ్యుడిగా చెప్పుకునే వ్యక్తి సుదా హిరోషి. దంపతుల వయసులు కలిపి 88 లేదా అంతకు మించి ఉంటే మొదటి తరగతి బోగీల్లో దేశమంతా తిరిగే 'ఫుల్ మూన్' పాస్ 1981లో వచ్చింది. అది పెద్దవాళ్ల కోసం. మరుసటి ఏడు విద్యార్థుల వంతు వచ్చింది. బడులూ కాలేజీలూ మూసేస్తే విద్యార్థుల నెలవారీ పాసులు ఆగిపోతాయి, పాసింజరు బండ్లు సగం ఖాళీగా తిరుగుతాయి. మనుషులు ఎక్కినా ఎక్కకపోయినా బండి నడవక తప్పదు, ఖర్చూ తప్పదు. ఆ ఖాళీ సీట్లను డబ్బు తక్కువ, సమయం ఎక్కువ ఉన్నవారికి చౌకగా ఇస్తే వచ్చిందంతా మిగులే. వేగం కావాల్సినవాళ్లు ఎలాగూ షింకాన్‌సెన్ టికెట్టే కొంటారు కాబట్టి ఆ రాబడికి దెబ్బ తగలదు. టికెట్టు పాసింజరు బండ్లకే పరిమితం కావడానికి కారణం ఈ లెక్కే.

మొదటి విడతలో దీని పేరు 'సెయిషున్ 18 నోబినోబి కిప్పు'. మూడు ఒకరోజు టికెట్లు, ఒక రెండురోజుల టికెట్టు కలిపి 8,000 యెన్లు. 1983లో పేరు ఇప్పటి రూపానికి కుదించారు. త్వరలోనే ధర 10,000 యెన్లకు చేరింది, అయిదు ఒకరోజు టికెట్ల కట్టగా స్థిరపడింది.

1987 ఏప్రిల్ 1న జాతీయ రైల్వేను ఆరు ప్రయాణికుల సంస్థలుగా, ఒక సరకు రవాణా సంస్థగా విడగొట్టారు. ఇవే జేఆర్ సంస్థలు. అప్పటికి పేరుకున్న అప్పు 37 లక్షల కోట్ల యెన్లు. ఎవరి హద్దులు, ఎవరి లెక్కలు వాళ్లవే అయినా ఈ టికెట్టును మాత్రం ఆరు సంస్థలూ ఉమ్మడిగా కొనసాగించాయి. హొక్కైదో కొస నుంచి క్యూషు కొస దాకా ఒకే టికెట్టు చెల్లడం అనే జాతీయ రైల్వే కాలపు లక్షణాన్ని సామాన్య ప్రయాణికుడి చేతిలో ఇంత స్పష్టంగా నిలిపింది మరొకటి లేదు. సుదా విభజన తర్వాత మధ్య జపాన్ సంస్థ జేఆర్ తోకాయికి మొదటి అధ్యక్షుడయ్యాడు.

ధర

ఈ టికెట్టు నిలబడడానికి అసలు బలం ధర. 1989లో వినియోగ పన్ను వచ్చాక 11,300 యెన్లు, 1997లో 11,500, 2014లో 11,850, 2019 అక్టోబరులో 12,050. 11,300 తర్వాతి పెంపులన్నీ ఆ పన్ను పెరిగినప్పుడు సర్దినవే. జేఆర్ ఏర్పడి ఇరవై ఏళ్లయిన సందర్భంగా 2007 వసంతంలో మొదటి ధర 8,000కే అమ్మారు. విదేశీ పర్యాటకుల జేఆర్ పాస్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. 2023 అక్టోబరులో ఆ పాస్ ఏడు రోజుల ధర 29,650 నుంచి 50,000 యెన్లకు ఒక్క పెంపులో ఎగబాకింది.

12,050ని అయిదు రోజులకు పంచితే రోజుకు 2,410 యెన్లు. 2024 నాటి ఛార్జీల ప్రకారం టోక్యో నుంచి సముద్రతీరపు వేడినీటి బుగ్గల ఊరు అతామికి మామూలు టికెట్టు 1,980. వెళ్లి వస్తే 3,960. అంటే ఒక్క అతామి ప్రయాణంతోనే ఆ రోజు డబ్బు తీరిపోయి పైన మిగులుతుంది. నిక్కో ఆలయాలకు జేఆర్ దారిలో వెళ్లి వస్తే 5,280, అంటే రెట్టింపు పైనే. సాయంత్రానికి ఇల్లు చేరే ప్రయాణాలకు ఈ టికెట్టు ఇంతగా అలవాటు కావడానికి ఈ లెక్క చాలు. టోక్యో నుంచి ఒసాకాకు 556 కిలోమీటర్లు పాసింజరు బండ్లు మారుతూ తొమ్మిది పది గంటలు వెళ్లేవారూ ఉన్నారు. షింకాన్‌సెన్‌లో అదే దూరం రెండున్నర గంటలు.

2024 వేసవి దాకా వాడే తీరు కూడా ఉదారంగా ఉండేది. మొదట అయిదు విడి కాగితాలు ఇచ్చేవారు. పాత టికెట్లు కొని అమ్మే దుకాణాల్లో వాటిని విడివిడిగా అమ్మడం మొదలయ్యాక, 1996 నుంచి అయిదు గళ్లున్న ఒకే కాగితంగా మార్చారు. గేటు దగ్గర ఉద్యోగి ఆ రోజు తేదీ ముద్ర ఒక గడిలో వేసేవాడు. అయిదు రోజులు వరుసగా ఉండాల్సిన అవసరం ఉండేది కాదు. వేసవిలో జూలై 20 నుంచి సెప్టెంబరు 10 వరకు గడువు ఉండేది కనుక అయిదు ఆదివారాలు అయిదు ఊళ్లు చూసి రాగలిగేవారు. అయిదుగురు స్నేహితులు ఒక్క రోజులో ఒకే కాగితం మీద అయిదు ముద్రలు వేయించుకుని కలిసి వెళ్లగలిగేవారు. అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ ఒక రోజు వెళ్లి వచ్చాక మిగిలిన గడిని నాన్న తర్వాత ఒంటరిగా వాడుకోగలిగేవాడు. పేద విద్యార్థి టికెట్టు కుటుంబాల టికెట్టుగా మారింది ఈ సౌలభ్యం వల్లే.

కొన్ని మినహాయింపులు కూడా ఇందులో భాగం. పాసింజరు బండి నడవని చోట ఎక్స్‌ప్రెస్‌ను అనుమతించిన చిన్న ముక్కలు ఉన్నాయి, ఉదాహరణకు హొక్కైదోలో షిన్‌యూబరి, షింతొకు మధ్య. హిరోషిమా దగ్గర మియాజిమా దీవికి వెళ్లే జేఆర్ పడవ కూడా ఇందులోనే. 2023 అక్టోబరు నుంచి ఆ దీవిలో అడుగుపెట్టేవారు కట్టే 100 యెన్ల పన్ను మాత్రం విడిగా ఇవ్వాలి.

రాత్రి బండ్లు, పోస్టర్లు

ఈ టికెట్టుతో తిరిగేవారిని జపాన్‌లో 'జూహచి కిప్పర్' అంటారు. జూహచి అంటే పద్దెనిమిది. వీళ్లు తయారు చేసుకున్న సంప్రదాయాల్లో అందరికీ తెలిసింది ఒగాకి రాత్రి బండి. టోక్యో నుంచి గిఫు జిల్లాలోని ఒగాకికి రాత్రంతా నడిచే ఆ పాసింజరు బండి విద్యార్థులతో కిటకిటలాడేది, నడవలో వార్తాపత్రికలు పరుచుకుని పడుకునేవారు. 1996 మార్చిలో దాన్ని సీటు రిజర్వేషన్ ఉన్న 'మూన్‌లైట్ నగరా'గా మార్చారు. టికెట్టు చెల్లేది తేదీ లెక్కన కనుక, అర్ధరాత్రి దాటాక బండి మొదట ఆగే స్టేషన్ వరకు మామూలు టికెట్టు కొని, అక్కడి నుంచి కొత్త రోజు ముద్రతో వెళ్లడం అందరూ పాటించిన కిటుకు. నియమాలకు అది పూర్తిగా లోబడినదే. తెల్లవారుజామున ఒగాకిలో దిగి, పడమటికి వెళ్లే చిన్న బండిలో సీటు కోసం మెట్ల మీద వందలమంది పరుగెత్తేవారు. ఆ పరుగుకు 'ఒగాకి డాష్' అని పేరే పడింది.

షింజుకు నుంచి నీగతాకు మూన్‌లైట్ ఎచిగో, ఇంకా క్యూషు, షికోకు వైపు మరికొన్ని ఇలాంటివే నడిచాయి. రాత్రి బస్సులు చౌకగా రావడంతో, బోగీలు పాతబడడంతో ఒక్కొక్కటే ఆగిపోయాయి. నగరా 2009లో సెలవుల బండిగా కుదించుకుపోయింది. 2020 మార్చిలో చివరిసారి నడిచింది, మరుసటి జనవరిలో రద్దు ప్రకటించారు. రాత్రి బండ్లు పోవడంతో ఈ టికెట్టుతో చాలా దూరం వెళ్లడం కష్టమైంది, పగటి ప్రయాణాల వాటా సహజంగానే పెరిగింది.

జనం మనసులో ఈ టికెట్టుకు చోటిచ్చినవి ప్రచార పోస్టర్లు. ధర గురించి పెద్దగా మాట లేకుండా, ఒక చిన్న స్టేషను, ఒక మలుపు, పక్కన ఒకటి రెండు వాక్యాలు. రైళ్ల ఛాయాచిత్రకారుడు మజిమా మిత్సుహిదే తీసినవి వీటిలో ఎన్నో ఉన్నాయి. ఎహిమె జిల్లాలో సముద్రం ఒడ్డునున్న షిమొనదా స్టేషను 1998 నుంచి 2000 మధ్య మూడుసార్లు పోస్టరుకెక్కింది. ఉద్యోగులే లేని ఆ ప్లాట్‌ఫారం మీద ఇప్పుడు సూర్యాస్తమయానికి ఫొటోల కోసం జనం గుమిగూడతారు. చాలామంది వచ్చేది కార్లలో.

తగ్గిపోయిన దారులు

షింకాన్‌సెన్ కొత్త ఊరికి చేరినప్పుడు చాలాచోట్ల దాని పక్కనే ఉన్న పాత మార్గాన్ని జేఆర్ వదిలించుకుంటుంది, స్థానిక ప్రభుత్వాల వాటా ఉన్న చిన్న సంస్థ దాన్ని తీసుకుంటుంది. ఆ రోజు నుంచి అక్కడ ఈ టికెట్టు చెల్లదు.

దీని దెబ్బ ఒక్క రోజు ప్రయాణాల మీద ఎలా పడిందో చూడడానికి కొఉమి మార్గం మంచి ఉదాహరణ. టోక్యోలో పొద్దున్నే చూఓ మార్గం బండి ఎక్కి కొబుచిజవాలో దిగి, కొఉమి మార్గంలో యత్సుగతకే కొండల పక్కగా కొమొరో చేరవచ్చు. దారిలో కియొసతో, నొబెయమ మధ్య 1,375 మీటర్ల ఎత్తున జేఆర్ మార్గాలన్నిటిలో ఎత్తైన చోటు వస్తుంది. 1997కు ముందు కొమొరో నుంచి కరుఇజవా మీదుగా, వెయ్యికి 66.7 వాలున్న ఉసుఇ కనుమ దిగి, తకసాకి ద్వారా రాత్రికి టోక్యో చేరే వలయం మొత్తం ఒక్క రోజు ముద్రతో పూర్తయ్యేది. ఆ ఏడాది నగానోకు షింకాన్‌సెన్ వచ్చింది. సెప్టెంబరు 30తో కనుమ దారి మూసేశారు, కొమొరో, కరుఇజవా మధ్య ముక్క షినానో రైల్వేకు వెళ్లింది. ఇప్పుడు అదే వలయం తిరగాలంటే ఆ ముక్కకు వేరే టికెట్టు, కనుమ దిగడానికి బస్సు టికెట్టు కొనాలి. నా దృష్టిలో టోక్యో చుట్టుపక్కల పోగొట్టుకున్న పగటి ప్రయాణాల్లో ఇంత అందమైనది లేదు.

తర్వాత 2002లో ఇవాతె, అఒమొరి వైపు, 2004లో క్యూషు పడమటి తీరంలో, 2015లో కనజవా, తొయామా, నీగతా ప్రాంతాల్లో, 2024 మార్చిలో ఫుకుఇలో ఇదే జరిగింది. జేఆర్ ముక్కలు దీవుల్లా విడిపోయిన కొన్ని చోట్ల మాత్రం మధ్యలో దిగకుండా దాటిపోయేందుకు అనుమతిచ్చారు.

పల్లె మార్గాల విషయంలో ఈ టికెట్టు చేసిన మేలు ఎంత అన్నది జపాన్ రైలు అభిమానుల్లో తెగని వాదన. సెలవుల్లో తదమి మార్గపు రెండు బోగీల డీజిల్ బండి నిండిపోతుంది, సెలవులు ముగియగానే మళ్లీ ఖాళీ. 2011 వరదల్లో తెగిన ఆ మార్గాన్ని 2022 అక్టోబరు 1న పూర్తిగా తెరిచారు. పర్యాటకుల పేరు ఆ నిర్ణయానికి బలమిచ్చిందన్నది నిజం. కానీ రోజుకు 2,410 యెన్లలో ఒక కొండదారికి దక్కేది ఏపాటి? చూడ్డానికి వచ్చేవారి వల్ల మార్గానికి పేరు నిలుస్తుంది, మార్గాన్ని నిలబెట్టేది మాత్రం రోజూ ఎక్కే ఊరివాళ్లూ స్థానిక ప్రభుత్వాల డబ్బూ.

2024 మార్పు

2024లో వేసవి అమ్మకాల ప్రకటన ఎప్పటికంటే ఆలస్యమైంది, టికెట్టు ఎత్తేస్తారన్న భయం పుట్టింది. ఎత్తేయలేదు. అక్టోబరులో మాత్రం నియమాలు మార్చినట్టు ప్రకటించారు. ఆ శీతకాలం నుంచి ఇది ఆటోమేటిక్ గేటు గుండా వెళ్లే టికెట్టు. వరుసగా మూడు రోజులకు 10,000 యెన్లు, వరుసగా అయిదు రోజులకు 12,050. మొదలు పెట్టే తేదీ కొనేటప్పుడే చెప్పాలి. ఒక టికెట్టు ఒక్కరికే, పంచుకోవడం కుదరదు. ఉద్యోగుల్లేని గేట్లు పెరుగుతున్న కాలంలో ప్రతి ప్రయాణికుడికీ చేత్తో ముద్ర వేయడం భారమన్న మాటలో న్యాయం ఉంది. కానీ ధర పెంచకుండానే టికెట్టు విలువను బాగా తగ్గించిన మార్పు ఇది. వరుసగా అయిదు రోజులు సెలవు దొరకని ఉద్యోగి, ఆదివారం పూట పిల్లలతో బయల్దేరే కుటుంబం, ముగ్గురు నలుగురు కలిసి వెళ్లే మిత్రులు, వీళ్లందరికీ తలుపు మూసుకుంది. పాత రూపాన్ని తిరిగి తేవాలని వినియోగదారులు గట్టిగానే కోరారు. తర్వాతి సీజన్లలోనూ కొత్త పద్ధతే కొనసాగింది.

అందువల్ల ఒక్క రోజు ప్రయాణానికి ఇప్పుడు ఇతర టికెట్లు చూసుకోవడం మేలు. 2024 నాటికి నగొయా చుట్టూ శని, ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ చెల్లే అఒజొర ఫ్రీ పాస్ 2,620 యెన్లు, టోక్యో చుట్టూ క్యూజిత్సు ఒదెకకె పాస్ 2,720. వరుసగా మూడు రోజులు తిరిగేవారికి, రైల్వే దినమైన అక్టోబరు 14కు అటూ ఇటూ చెల్లే శరత్కాల పాస్ 2024లో 7,850. సెయిషున్ 18 కిప్పు కొనదలచినవారు వరుస రోజులు ఖాళీ ఉన్నాయో లేదో ముందు చూసుకుని, వెళ్లే దారిలో జేఆర్ చేతి నుంచి వెళ్లిపోయిన ముక్కలను పటంలో గుర్తించుకున్నాకే డబ్బు కట్టాలి.