ఊరికి భయపడి కట్టిన కోట

మేముండేది ఇటలీలోని ఫెరారాలో. ఆ పేరు వినగానే ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు ‘ఫెరారీ కార్ల ఫ్యాక్టరీ ఎక్కడ?’ అంటారు. ఆ కార్లు తయారయ్యేది మొదెనా దగ్గరి మరనెల్లోలో. మా ఊళ్ళో జనం తిరిగేది సైకిళ్ళ మీద. ఎరుపు మాకూ ఉంది. ఊరి నడిబొడ్డున నాలుగు బురుజులతో ఎర్ర ఇటుకల కోట, దాని చుట్టూ నీళ్ళ కందకం. మధ్యయుగపు కోటల్లో కందకం నిండుగా నీళ్ళతో మిగిలినవి తక్కువ. మాది మిగిలింది.

కోట చూశాక చుట్టాలు అడిగే రెండో ప్రశ్న మంచిది. ‘శత్రువు వచ్చేది బయటి నుంచి కదా, కందకం ఊరి మధ్యలో ఎందుకు?’

ఆ రోజుల్లో అది ఊరి మధ్య కాదు, ఉత్తరపు పొలిమేర. అక్కడ అంతకుముందే సింహాల బురుజు అనే కావలి బురుజు ఉండేది. 1385 మేలో వరదలతో, పన్నులతో విసిగిపోయిన జనం పాలకుడు నికోలో ద్ఎస్తె భవనం మీదికి వెళ్ళారు. పన్నుల లెక్కలు చూసే తొమ్మాసో ద తొర్తోనాను తమకు అప్పగించమన్నారు. నికోలో అప్పగించాడు. జనం అతన్ని ముక్కలు ముక్కలు చేశారు. నమ్మకంగా పనిచేసినవాణ్ణి గుంపుకి వదిలేసిన దొరకి ఆ తర్వాత నిద్ర పట్టి ఉండదు. అదే ఏడు సెప్టెంబరు 29న, సెయింట్ మైకేల్ పండగనాడు, వాస్తుశిల్పి బర్తొలీనో ద నొవారా చేత కోటకు పునాది వేయించాడు. పాత బురుజుకి ఇంకో మూడు కలిపి, గోడలు లేపి, చుట్టూ నీళ్ళు పారించి, ఎత్తుడు వంతెనలు పెట్టించాడు. బయటి శత్రువుకు ఎంత పనికొచ్చిందో గాని, అది ముందుగా ఊరివాళ్ళకు భయపడి కట్టిన కోట. భవనం నుంచి కోటలోకి పారిపోవడానికి ఒక మార్గం కూడా పెట్టుకున్నారు.

1492లో ఎర్కోలే దొర ఊరిని ఉత్తరానికి పెంచాడు. కోట కదల్లేదు, ఊరే దాన్ని దాటి పోయింది. అలా పొలిమేర కాస్తా నడిబొడ్డయింది.

ఊరి నుంచి తప్పించుకున్న ఎస్తె వంశం వాళ్ళకు ప్రమాదం ఇంట్లోనే ఉంది. 1425లో మూడో నికోలో తన రెండో భార్య పరిసీనాకు, తన కొడుకు ఊగోకు సంబంధం ఉందని తెలిసి ఇద్దరి తలలూ తీయించాడు. ఇద్దరికీ ఇరవై ఏళ్ళ చుట్టుపక్కలే. బైరన్ దాని మీద కావ్యం రాశాడు గాని, నన్ను పట్టుకున్న కథ జూలియోది.

జూలియో, ఫెర్రాంతె, డ్యూక్ ఆల్ఫోన్సో, కార్డినల్ ఇప్పోలితో అన్నదమ్ములు. జూలియో కళ్ళు అందంగా ఉంటాయని ఆంజెలా బోర్జా అనే యువతి మెచ్చుకుందట. ఆమె మీద మనసుపడ్డ ఇప్పోలితో మనుషుల్ని పంపి ఆ కళ్ళ మీదే దాడి చేయించాడు. డ్యూక్ తగిన శిక్ష వేయలేదు. 1506లో జూలియో, ఫెర్రాంతె కలిసి మిగతా ఇద్దరి మీద కుట్ర పన్ని దొరికిపోయారు. వధ్యవేదిక ఎక్కించాక ఆఖరి నిమిషంలో మరణశిక్ష తప్పించి, సింహాల బురుజు కింది చెరసాలలో వేశారు. ఫెర్రాంతె 34 ఏళ్ళు ఉండి 1540లో అక్కడే చనిపోయాడు. జూలియో 1559లో బయటికొచ్చాడు. 53 ఏళ్ళు గడిచాయి, వయసు 81. ఆయన వేసుకున్న పాతకాలపు బట్టలు చూడటానికి జనం వీధుల్లో మూగారని చెబుతారు.

ఆ చెరసాలలు ఇప్పుడు చూడొచ్చు. తల వంచి లోపలికి వెళ్ళాలి. నేలమాళిగలో చెమ్మ వాసన, మందపు గోడ, బయటి వెలుగు చిన్న చారగా పడే కిటికీ. పైన తల ఎత్తి చూడాల్సిన గదులున్నాయి. ఆటల గది కప్పు నిండా ఈత, కుస్తీ బొమ్మలు. మెడ నొప్పి పుట్టకుండా కింద అద్దాలు పెట్టారు. నారింజ చెట్ల తోట మేడ మీద ఉంటుంది. నేలమట్టంలో వంటిళ్ళు. ఈ దర్బారు విందుల పెద్ద క్రిస్తోఫరో ద మెస్సిస్బూగో రాసిన పుస్తకం 1549లో అచ్చయింది. ఆల్ఫోన్సో ఇక్కడ తన గదికి గీయించుకున్న తిషియన్ చిత్రం ఒకటి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. 1598లో ఎస్తె వాళ్ళు ఫెరారాని పోప్‌కి వదిలి మొదెనా పోయినప్పుడు బొమ్మలూ చెదిరిపోయాయి. 2012 మేలో భూకంపానికి కోట కూడా దెబ్బతింది, మరమ్మతు చేశారు.

ఇక కోట చుట్టూ ఉన్న పిట్టగోడ సంగతి. 1943 నవంబరు 15 తెల్లవారుజామున ఫాసిస్టులు ఈ ఊళ్ళో 11 మందిని కాల్చి చంపారు. వాళ్ళలో ఎక్కువమందిని నిలబెట్టింది ఈ కందకపు గోడ దగ్గరే. శవాలను అక్కడే వదిలేశారు. మా ఊరి రచయిత జోర్జో బస్సానీ దీన్ని కథ చేసి, తేదీని డిసెంబరుకు మార్చాడు. ఆ వీధిని ఇప్పుడు స్వేచ్ఛా అమరవీరుల వీధి అంటాం.

సాయంత్రాలు పర్యాటకులు ఆ గోడ మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తింటారు. గోడకి బిగించిన ఆ మృతుల పేర్ల ఫలకం వైపు వీపు తిప్పి మరీ. మీరు వస్తే, కూర్చునే ముందు ఆ పేర్లు ఒకసారి చదవండి.