ఉద్యోగి అప్పులు విజిలెన్స్ అనుమతికి ఎంతవరకు అడ్డు? భిలాయ్ ఉక్కు నగరం నేపథ్యంలో ఒక పరిశీలన

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో సోవియట్ సహకారంతో నిర్మితమైన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుంచి ఉపాధి కోసం వెళ్లిన అనేక తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. నెలనెలా జీతం తప్పక వచ్చే ఊళ్లో అప్పు పుట్టడం తేలిక. ఇంటికో, వైద్యానికో, పిల్లల చదువుకో, పెళ్లికో చేసిన ఆ అప్పు తీరనప్పుడు అది ఉద్యోగానికే ఎసరు పెడుతుందా అన్న సందేహం సహజంగా కలుగుతుంది.

అమెరికాలో రహస్య సమాచారం చూసే అర్హతకు ప్రత్యేక భద్రతా అనుమతి అవసరం. అక్కడి దరఖాస్తుదారులు గడచిన ఏడేళ్లలో 120 రోజులకు మించి బకాయి పడిన రుణాల వివరాలను తెలపాలి. ఆర్థిక పరిస్థితిని తూచేందుకు ప్రత్యేక మార్గదర్శకమే ఉంది. భారతదేశంలో సాధారణ ప్రభుత్వోద్యోగ నియామకాలకు అలాంటి పత్రం లేదు. చేరేటప్పుడు జరిగే ప్రవర్తన, పూర్వాపరాల విచారణ, సర్వీసులో పాటించవలసిన ప్రవర్తనా నియమావళి, పదోన్నతి, పాస్‌పోర్టు వంటి సందర్భాల్లో కోరే విజిలెన్స్ అనుమతి కలిసి ఆ పని చేస్తాయి.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వర్తించే 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 17వ నియమం ఈ విషయంలో కీలకమైనది. ఉద్యోగి నిరంతర రుణగ్రస్తతకు, దివాలాకు లోను కాకుండా తన సొంత వ్యవహారాలను చక్కబెట్టుకోవాలని అది నిర్దేశిస్తోంది. అప్పు వసూలు కోసం ఎవరైనా న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తే, ఆ సంగతిని ఉద్యోగి వెంటనే పూర్తి వివరాలతో ప్రభుత్వానికి నివేదించాలి. అప్పు దుబారా వల్ల కాక, ముందుగా ఊహించలేని, తన చేతిలో లేని పరిస్థితుల వల్ల ఏర్పడిందని నిరూపించుకోవలసిన భారం కూడా ఉద్యోగిదే. అందుచేత ఆసుపత్రి బిల్లులు, వైద్యుల పత్రాలు భద్రపరచుకోవడం చాదస్తం కాదు.

కర్మాగారానికి కాపలా కాసే సీఐఎస్‌ఎఫ్ సిబ్బంది కేంద్ర బలగానికి చెందినవారు. కర్మాగారం ఉద్యోగులు మాత్రం స్టీల్ అథారిటీ పరిధిలోకి వస్తారు. వారిలో అధికారులకు సంస్థ సొంత ప్రవర్తన, క్రమశిక్షణ నియమావళి, కార్మికులకు స్టాండింగ్ ఆర్డర్లు ఉన్నాయి. కనుక ఎవరికి ఏ నియమం వర్తిస్తుందో ముందుగా చూసుకోవాలి.

అప్పు మొత్తం కన్నా అది ఎవరి దగ్గర తీసుకున్నదన్నదే ఒక్కోసారి ముఖ్యమవుతుంది. తన అధికార పరిధిలో ఉన్నవారి వద్ద, తనకు అధికారిక వ్యవహారాలు ఉండగలవారి వద్ద ఉద్యోగి అప్పు చేయరాదని 16వ నియమం చెబుతోంది. తూకం చూసేవారు, గేటు పాసు ఇచ్చేవారు, కాంట్రాక్టరు బిల్లు మంజూరు చేసేవారు అదే కాంట్రాక్టరుకు బాకీ పడితే నిఘా విభాగం ఊరుకోదు. బంధుమిత్రుల వద్ద వడ్డీ లేకుండా తీసుకునే చిన్నపాటి తాత్కాలిక చేబదులుకు మినహాయింపు ఉంది.

ఇక విజిలెన్స్ అనుమతి. బ్యాంకు రుణం ఉన్నంత మాత్రాన దానిని నిరాకరించరు. సస్పెన్షన్, క్రమశిక్షణ చర్యల కింద అభియోగపత్రం, క్రిమినల్ అభియోగం వంటివి అడ్డంకులు. అప్పు వీటిలో దేనికైనా దారి తీసినప్పుడే చిక్కు మొదలవుతుంది.

అలా దారి తీసే వాటిలో మొదటిది చెక్కు. వడ్డీ వ్యాపారులు జీతగాళ్ల నుంచి సంతకం చేసిన ఖాళీ చెక్కులు, ఏటీఎం కార్డులు పట్టుకోవడం పారిశ్రామిక పట్టణాల్లో పాత జబ్బు. చెక్కు చెల్లకపోతే సివిల్ వ్యవహారం కాస్తా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నేరమవుతుంది. రెండేళ్ల వరకు జైలు గాని, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. నోటీసు అందిన 15 రోజుల్లో సొమ్ము చెల్లిస్తే కేసు రాదు. ఈ గడువును చాలామంది చేజేతులా పోగొట్టుకుంటారు.

కొత్తగా ఉద్యోగంలో చేరేవారు నింపే ధ్రువీకరణ పత్రంలో క్రిమినల్ కేసుల గురించి ప్రశ్నలుంటాయి. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం అక్కడ ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. స్వల్పమైన కేసును దాచినప్పుడు యజమాని ఉపేక్షించే వీలుంది. నిజం చెప్పినా పూర్వాపరాలను పరిశీలించే హక్కు యజమానికి ఉంటుంది. అయినా దాచడమే పెద్ద ప్రమాదం. బ్యాంకు ఉద్యోగాల తీరు ఇంకా కఠినం. రుణ చరిత్ర బాగా లేని అభ్యర్థి నియామకాన్ని స్టేట్ బ్యాంకు రద్దు చేయగా, 2025లో మద్రాసు హైకోర్టు దానిని సమర్థించింది.

కోర్టు డిక్రీ వచ్చినా జీతమంతా పోదు. మనోవర్తి డిక్రీలు మినహా మిగతా వాటిలో మొదటి 1,000 రూపాయలకు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ రక్షణ ఉంది. ఒకే డిక్రీపై 24 నెలలు జప్తు సాగాక, ఆ డిక్రీకి జీతం నుంచి మరి కోత ఉండదు. అయితే జప్తు ఉత్తర్వు జీతాలు చెల్లించే కార్యాలయానికే వస్తుంది. అప్పటిదాకా పైఅధికారికి చెప్పని ఉద్యోగి 17వ నియమాన్ని ఉల్లంఘించినట్లే.

రుణగ్రస్తులను వేధించే వడ్డీ వ్యాపారులపై 1937 నాటి రుణగ్రస్తుల రక్షణ చట్టం ఛత్తీస్‌గఢ్‌లో నేటికీ అమలులో ఉంది. ఇంటి ముందు కాపు కాయడం, దారికాచి బెదిరించడం వంటి చేష్టలపై పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. చెక్కు కేసుల్లో రాజీకి చట్టం అనుమతిస్తుంది కనుక లోక్ అదాలత్‌లో పరిష్కరించుకునే అవకాశం ఉంది. అక్కడి తీర్పుపై అప్పీలు ఉండదు. న్యాయ సేవాధికార సంస్థల సహాయవాణి సంఖ్య 15100. రాజీ కుదిరాక ఆ తీర్పు ప్రతిని సంబంధిత కార్యాలయానికి రాతపూర్వకంగా అందజేసి, రసీదు తీసుకోవడం మంచిది.