ప్రశ్నార్థకానికి పలికిన బోర్డు

ఫిబ్రవరి వచ్చిందంటే జాతీయ సైన్స్ దినోత్సవం, రామన్ గుర్తొస్తారు. నాకు మరొకరు కూడా గుర్తొస్తారు. 1897లో అదే నెలలో స్ట్రాస్‌బర్గ్‌లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తన కేథోడ్ కిరణ గొట్టం సంగతి రాశాడు. తీగలో పారే కరెంటు హెచ్చుతగ్గులు గాజు మీద వెలుగుచుక్కగా కంటికి కనిపించాయి. మరో యాభై ఏళ్లకు, 1947లో, అమెరికాలో టెక్‌ట్రానిక్స్ 511 ఆసిలోస్కోప్ వచ్చింది. అల ఒక నిర్ణీత మట్టానికి చేరగానే గీత మొదలుపెట్టే ‘ట్రిగ్గర్’ దాని ప్రత్యేకత. తెరమీద బొమ్మ పరుగులు మాని కుదురుగా నిలబడింది. 1970ల్లో సున్నాలు, ఒకట్లు మాత్రమే చూసే లాజిక్ ఎనలైజర్లు వచ్చాయి.

ఇవన్నీ ఖరీదైన పెట్టెలు. మా కాలేజీ ల్యాబ్‌లో సీఆర్‌వో (కేథోడ్ కిరణ ఆసిలోస్కోప్) బ్యాచ్‌కి ఒక్కటే. ప్రోబ్ కొక్కెం తీగకు తగిలించి నాబ్ తిప్పితే ఆకుపచ్చ గీత మెల్లగా వంపు తిరిగేది. మన వంతు అయిదు నిమిషాలు. అంతలోనే వెనకవాడు భుజం తట్టేవాడు. ఇంట్లో అలాంటిది ఒకటి ఉంటే ఎంత బాగుండునో అనుకోని విద్యార్థి లేడు.

అందుకే 1998 నాకు ఇష్టమైన సంవత్సరం. ఆ ఏడాది ‘సర్క్యూట్ సెల్లార్’ అనే అమెరికా పత్రికలో బిట్‌స్కోప్ అనే బోర్డు గురించి వ్యాసం అచ్చయింది. ఆ బోర్డు పుట్టిల్లు ఆస్ట్రేలియాలోని సిడ్నీ. తెర, నాబులు, గీతలు గీసే పని అన్నీ ఇంట్లో ఉన్న పీసీకి అప్పగించి, సిగ్నల్ పట్టే పని మాత్రమే బోర్డు మీద ఉంచారు. అనలాగ్ అలను, ఎనిమిది లాజిక్ లైన్లను కలిపి చూపించేది. డిజైన్ దాచలేదు. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉన్నవాళ్లు చూసి కట్టుకోవచ్చు.

ఒక చిక్కుంది. సిగ్నల్‌ను సెకనుకు కోట్ల సార్లు కొలవాలి. పీసీ సీరియల్ పోర్టు అంత వేగం మోయలేదు, బోర్డు మీది చిన్న పిక్ మైక్రోకంట్రోలర్ కూడా మోయలేదు. దానికి వాళ్లు చేసిన ఉపాయం మన ఊరి చెరువు లాంటిది. వాన గంటలో కురిసి వెళ్లిపోతుంది. చెరువు నిండితే కాలువకు తీరిగ్గా వదులుకోవచ్చు. కొలతలు పిక్ ప్రమేయం లేకుండా నేరుగా బోర్డు మీది మెమరీలోకి దూకుతాయి. పిక్ తూము దగ్గర కూర్చున్న మనిషి. ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు ఆపాలో చెప్పి, ఆనక ఒక్కొక్క బైటూ పీసీకి వదులుతుంది.

నన్ను ఇంకా ఆకట్టుకున్నది దాని భాష. ఆజ్ఞలన్నీ కీబోర్డు మీద కొట్టగలిగే మామూలు అక్షరాలే. టెర్మినల్ తెరిచి ప్రశ్నార్థకం కొడితే బోర్డు ఆ గుర్తును తిరిగి పలికి, తన మోడల్ ఏదో చెప్పేది. పరికరాన్ని ‘నువ్వెవరు’ అని అడిగితే జవాబొచ్చేది! ఆ భాషను కూడా బహిరంగంగానే ఉంచారు గనుక, తనకు వచ్చిన ప్రోగ్రామింగ్ భాషలో ఎవరికి వారు సాఫ్ట్‌వేర్ రాసుకోవచ్చు.

తర్వాతి కథ ఒక్క దారిన నడవలేదు. పాత పీసీ పోర్టులు పోయి యూఎస్‌బీ వచ్చింది. సైప్రస్ ఎఫ్‌ఎక్స్2 అనే ఒక్క చిప్పుతో ఎనిమిది ఛానెళ్ల లాజిక్ ఎనలైజర్లు చవగ్గా అంగళ్లకెక్కాయి. వేర్వేరు కంపెనీల పరికరాలన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌తో నడవాలని సిగ్‌రాక్ అనే ప్రాజెక్టు పుట్టింది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు సరిపోయేంతగా బిట్‌స్కోప్ చిన్నదైంది. బిట్‌స్కోప్ కంపెనీయే రాస్ప్‌బెర్రీ పైలను వరసగా బిగించే చట్రాలూ చేసింది. 2017లో లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాల కోసం 750 పైలను అలా ఒక్కచోట చేర్చారు.

మన దేశంలో ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ బిట్‌స్కోప్ చేసే పనినే క్లాసురూము వైపు తిప్పింది. బి.పి. అజిత్ కుమార్ నడిపిన ఫీనిక్స్ ప్రాజెక్టు నుంచి ఎక్స్‌పైజ్ అనే పరికరం వచ్చింది. డిజైన్ అందరిదీ, సాఫ్ట్‌వేర్ పైథాన్‌ది. ఎక్స్‌పైజ్ జూనియర్ సెకనుకు రెండున్నర లక్షల కొలతలు తీస్తుంది. బిట్‌స్కోప్ ముందు అది నత్తనడకే, కానీ ఇంటర్ ఫిజిక్స్‌కు ధారాళంగా సరిపోతుంది. తీగచుట్టను దానికి కలిపి, చుట్ట మధ్యలోంచి అయస్కాంతం జారవిడవండి. ల్యాప్‌టాప్ తెరమీద గీత ఒకసారి ఒక వైపుకు, వెంటనే రెండో వైపుకు లేస్తుంది. రెండో శిఖరం మొదటిదానికన్నా సన్నగా, ఎత్తుగా ఉంటుంది. కింద పడుతూ అయస్కాంతం వేగం పుంజుకుంది మరి.